విల్ రోజర్స్: ఉచ్చుతాడు, నవ్వుమాట

అమెరికా పడమటి మైదానాలలో కౌబాయ్‌ల యుగమని ప్రసిద్ధి కెక్కిన కాలం నిజానికి ఇంచుమించు ఇరవై సంవత్సరాలే నిలిచినది. 1865లో అక్కడి అంతర్యుద్ధం ముగిసిన తరువాత, టెక్సాస్ బీళ్ళలో విచ్చలవిడిగా పెరిగిన పశువులను వందలకొలది మైళ్ళు ఉత్తరానికి తోలుకొనిపోయి, కాన్సాస్ రైలుస్టేషన్లలో అమ్మడం ఆరంభమైనది. 1874లో ఇలినాయి రాష్ట్రపు రైతు ఒకడు ముళ్ళతీగకు పేటెంటు పొందినాడు. బీళ్ళు మళ్ళుగా మారినవి. రైలుమార్గాలు పశువుల దగ్గరకే వచ్చినవి. తోలుబాటలు గడ్డి మొలిచి మూసుకొనిపోయినవి. పసులకాపరి మిగిలినాడు గాని, అతడు తిరుగాడిన మేర లేకుండపోయినది.

మిగిలిన వస్తువు మరొకటి ఉన్నది. రాత్రివేళ మంద పండుకొన్నప్పుడు ఇద్దరు కావలివాండ్రు గుర్రాలపై ఎదురెదురు దిక్కుల మెల్లగా చుట్టు తిరుగుతూ పాడుకొనేవారు. ఇది వినోదానికి పాడిన పాట కాదు. ఒక మెరుపు మెరిసినా, ఒక కట్టె విరిగినా వేలకొలది పశువులు ఒక్క పెట్టున లేచి పరుగెత్తే ప్రమాదముండేది. ఆ కాళ్ళక్రింద పడిన మనిషి బ్రతకడం కల్ల. చీకటిలో మనిషి గొంతు ఎడతెగక వినవస్తూ ఉంటే పశువుకు ధైర్యం. కనుకనే ఆ పాటలకు గుర్రపు నడకే తాళమైనది. ఆ కావలివాండ్రలో నల్లజాతివారు, మెక్సికనులు, ఆదివాసులు అనేకులుండేవారన్న సంగతి ఆ తరువాతి సినీమాలు చాలకాలం మరచినవి. 1910లో జాన్ లోమాక్స్ అనే ఉపాధ్యాయుడు ఆ పాటలను పుస్తకంగా అచ్చు వేసేనాటికి వాటిని పాడినవారు ముసలివాండ్రైనారు, పట్టణాలవారికి వాటిపై మోజు పుట్టినది. పోయినదానిపైనే గదా మోజు!

ఆ మోజుకు రూపమై, రంగస్థలంపై నిలిచి, ఒక దేశాన్నంతటినీ ముప్పై ఏండ్లపాటు నవ్వించినవాడు విల్ రోజర్స్. అతని చేతి ఉచ్చుతాడు అసలైన కౌబాయ్ తాడు. అతని నవ్వు మాత్రం పట్టణాలలోని నాటకశాలలలో పుట్టినది. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎట్లు కలిసినవో తెలుసుకొనడానికే ఈ జీవితకథ.

విలియం పెన్ అడెయిర్ రోజర్స్ 1879 నవంబరు 4న ఊలగా అనే ఊరి దగ్గర జన్మించినాడు. ఆనాడది ఓక్లహోమా రాష్ట్రం కాదు. ఇండియన్ టెరిటరీ అని పిలువబడే ఆదివాసుల భూభాగంలోని చెరోకీ జాతి దేశం. తల్లిదండ్రు లిద్దరిలోనూ చెరోకీ రక్తమున్నది. తండ్రి క్లెమ్ రోజర్స్ అంతర్యుద్ధంలో దక్షిణ పక్షాన పోరాడినవాడు. చెరోకీ జాతి శాసనసభలో సభ్యుడుగా, న్యాయాధికారిగా పనిచేసినవాడు. గొప్ప పశుసంపద గలవాడు. చెరోకీ దేశంలో భూమి జాతి అందరిది. ఎవరి పశువులు ఎంత మేర మేయగలిగితే అంత వాడుకొనవచ్చును. ఆ విధంగా క్లెమ్ పశువులు ఇంచుమించు అరువదివేల ఎకరాల బీడులో తిరిగేవి.

ఎనమండుగురు సంతానంలో విల్ కడగొట్టువాడు. పదవ ఏట తల్లి గతించినది. తండ్రి పనులలో మునిగి ఉండేవాడు. పిల్లవానికి ఆ క్షేత్రంలో పనిచేసే నల్లజాతి కుటుంబాల పిల్లలే తోడివారు. అక్కడి పనివారిలో డాన్ వాకర్ అనే నల్లజాతి కౌబాయ్ తాడు విసరడంలో గట్టివాడు. విల్ రోజర్స్‌కు ఉచ్చుతాడు చేతికిచ్చి నేర్పిన మొదటి గురువు ఇతడే. 1893లో తండ్రితో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళినప్పుడు, అక్కడ మెక్సికో దేశపు ఒరొపేసా తాడుతో గాలిలో చేసిన విన్యాసాలు చూచి పిల్లవాడు నివ్వెరపోయినాడు. తాడు పశువును పట్టుకొనడానికే కాక, చూపరులను పట్టుకొనడానికి కూడ పనికివచ్చునని అతనికి అప్పుడే తోచి ఉండాలి.

చదువు విషయం ఉపాధ్యాయులు మెచ్చేది కాదు. తండ్రి ఒక బడి తరువాత మరొక బడికి పంపినాడు. చివరకు మిసూరీ రాష్ట్రంలోని కెంపర్ సైనిక పాఠశాలలో చేర్పించినాడు. 1898లో అక్కడినుండి కూడ చెప్పకుండ వెడలిపోయి, టెక్సాస్‌లో ఒక పశుక్షేత్రంలో పనికి కుదిరినాడు. ఆ మరుసటి సంవత్సరం ఊలగా రైలుస్టేషనులో ఒక చిన్న సంఘటన జరిగినది. కాన్సాస్ సిటీ నుండి తనకు పార్సెలుగా వచ్చిన బాంజో వాద్యాన్ని తీసుకొనడానికి వెళ్ళిన విల్, కిటికీ వెనుక కొత్త అమ్మాయి కనబడేసరికి నోటమాట రాక, పార్సెలు అడగకనే గుర్రమెక్కి తిరిగి వచ్చినాడట. ఆ అమ్మాయి బెట్టీ బ్లేక్. స్టేషను మాస్టరు భార్యకు చెల్లెలు, ఆర్కాన్సా నుండి చుట్టపుచూపుగా వచ్చినది. పియానో వాయించగలదు, కొత్త పాటల అచ్చుప్రతులు తెప్పించుకొనేది. ఇతనికి పాటల పిచ్చి. ఆ పాటలు వినడానికని వచ్చి పోతూ పరిచయం పెంచుకొన్నాడు. వివాహం మాత్రం తొమ్మిదేండ్ల తరువాత, 1908 నవంబరు 25న జరిగినది. తాడు త్రిప్పేవానిని నమ్మి పిల్లనివ్వడానికి ఏ ఇంటివారైనా అంతపాటి వెనుకాడుతారు గదా!

ఇంతలో ఇంటి దగ్గర జరిగినది చెప్పవలసి ఉన్నది. అతని జీవితాన్ని మలుపు త్రిప్పినది అదే. 1898లో అమెరికా ప్రభుత్వం కర్టిస్ చట్టమనే శాసనం చేసినది. దానివలన చెరోకీలు మొదలైన జాతుల ఉమ్మడి భూములు రద్దై, మనిషికింతని ముక్కలుగా పంచబడినవి. అరువదివేల ఎకరాలలో పశువులను మేపిన క్లెమ్‌కు, అతని కొడుకుకు తలకు నూరెకరాలైనా మించని చెక్కలు దక్కినవి. మిగిలిన భూమి ఇతరుల పాలై కంచెలు లేచినవి. 1907లో ఆ దేశమే ఓక్లహోమా రాష్ట్రంలో కలిసిపోయినది. విచిత్రమేమంటే, ఆ రాష్ట్ర రాజ్యాంగాన్ని రచించిన సభలో క్లెమ్ కూడ సభ్యుడు. అతని గౌరవార్థమే అక్కడి ఒక జిల్లాకు రోజర్స్ అని పేరు పెట్టినారు. తండ్రి కాలానికి తలవంచి, బ్యాంకు వ్యాపారంలోకి దిగినాడు. కొడుకు తలవంచలేదు. కంచెలు లేని బీళ్ళు ఇంకా ఎక్కడనైనా ఉన్నవేమో చూడాలని బయలుదేరినాడు.

1902లో స్నేహితుడు ఒకనితో కూడి విల్ అర్జెంటీనా చేరినాడు. అక్కడి పసులకాపరులు గౌచోలు. వారి నేర్పు ముందు తన విద్య వెలవెల బోయినది. జీతమో, చెప్పుకొనదగినది కాదు. తోడు వచ్చినవానికి ఛార్జీలిచ్చి ఇంటికి పంపి, తాను పశువులను తీసుకొనిపోయే ఓడపై పనివాడుగా దక్షిణాఫ్రికాకు వెళ్ళినాడు. బోయర్ యుద్ధం అప్పుడే ముగిసినది. లేడీస్మిత్ పట్టణంలో టెక్సాస్ జాక్ అనే అమెరికనుడు నడిపే సర్కసు విడిసి ఉన్నది. పని అడగడానికి వెళ్ళి, పెద్ద ఉచ్చు ఒకటి తన చుట్టు, గుర్రం చుట్టు తిరిగేటట్లు వేసి చూపినాడు. వెంటనే ఉద్యోగమిచ్చినారు. చెరోకీ కిడ్ అనే పేరుతో అతడు ప్రేక్షకుల ముందు నిలిచినది అక్కడనే.

తాడు పనితోబాటు ఆ సర్కసులో అతడు ముఖానికి మసి పూసుకొని, నల్లజాతివారిని వెక్కిరించే హాస్యపు పాటలు కూడ పాడవలసి వచ్చినది. ఆ కాలపు సంగీతహాస్య ప్రదర్శనలలో అది పెద్ద అంగం. అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దమంతా తెల్లవారు ఆ వేషం కట్టి, ఆ యాస పలికి, డబ్బు గడించినారు. ఆ పాటల బాణీలు చాలవరకు ఎవరినుండి వచ్చినవో వారికి మాత్రం ఆ రంగస్థలాలపై సమానస్థానం లేదు. పాత పాటలను తలచుకొని ముచ్చటపడేవారు సాధారణంగా దాటవేసే విషయమిది. విల్ ఆనాడు దానిని గురించి ఆలోచించిన జాడ లేదు. ఈ లెక్క ముప్పై ఏండ్ల తరువాత అతని ముందుకు వచ్చినది; ఆ కథ ముందున్నది.

ఆస్ట్రేలియాలో వర్త్ సోదరుల సర్కసులో కొంతకాలం పనిచేసి, భూగోళాన్ని చుట్టి 1904లో ఇల్లు చేరినాడు. 1905 ఏప్రిలులో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో జరిగిన ప్రదర్శనలో ఒక ఎద్దు బెదరి, కంచె దూకి ప్రేక్షకుల మెట్లపైకి ఎక్కినది. విల్ తాడు వేసి దానిని పట్టినాడు. మరునాటి పత్రికలలో పేరు పడినది. ఊరికి పోవలసినవాడు న్యూయార్కులోనే ఆగిపోయినాడు.

ఆనాటి పట్టణాలవారి వినోదం వాడెవిల్ అనేది. టిక్కెట్టు కొన్నవానికి ఒకే ఆటలో పాటకుడు, గారడివాడు, నర్తకి, మాటకారి జంట, శిక్షణ పొందిన కుక్కలు, అన్నీ ఒకదాని వెనుక ఒకటి పది పదిహేను నిమిషాల చొప్పున కనబడేవి. 1905 జూన్‌లో కీత్ యాజమాన్యపు యూనియన్ స్క్వేర్ నాటకశాలలో విల్ ప్రవేశించినాడు. టెడ్డీ అనే చిన్న గుర్రం రంగస్థలంపై జారకుండ కాళ్ళకు మెత్తని గుడ్డ తొడుగులు కట్టేవారు. బక్ మెకీ అనే రౌతు దానిపై ఎక్కి ప్రక్కనుండి దూసుకొని వస్తుంటే, విల్ రెండు తాళ్ళు ఒక్కసారే విసరి, ఒకదానితో మనిషిని, రెండవదానితో గుర్రాన్ని పట్టేవాడు. మాట లేదు, వెనుక వాద్యం మాత్రమే.

ఒకనాడు తోటి నటుడు ఒకడు, ఆ రెండు తాళ్ళ పట్టు ఎంత కష్టమో ప్రేక్షకులకు తెలియడం లేదు, ముందుగా చెప్పి చేయవలసినదని సలహా ఇచ్చినాడు. విల్ ముందుకు వచ్చి, తన పల్లెయాసలో నాలుగు ముక్కలు చెప్పినాడు. జనం విరగబడి నవ్వినారు. అతనికి అవమానమైనది. తన పనితనాన్ని చూడకుండ తన మాటను ఎగతాళి చేసినారని కోపగించి, మరల నోరు తెరువనని భీష్మించినాడు. అది ఎగతాళి కాదు, మెప్పని తోటివారు నచ్చజెప్పడానికి కొంతకాలం పట్టినది. ఆ తరువాత అతడే తాడు కావాలని తప్పవేసి, ఆ తప్పుపై ఒక మాట విసరడం నేర్చినాడు. గురి తప్పిన తాడుకంటె తగిలిన మాట ఎక్కువ చప్పట్లు తెచ్చినది. 1911 నాటికి గుర్రాన్ని, రౌతును విడిచిపెట్టి, తాడుతో తానొక్కడే రంగస్థలంపై నిలిచేవాడు.

అదే సంవత్సరం అక్టోబరులో మొదటి కొడుకు పుట్టినాడు. అదే నెలలో తండ్రి క్లెమ్ కన్నుమూసినాడు. ఊరిలో సుఖంగా పశువులు పెంచుకొనక, కొడుకు ఈ తాళ్ళాట పట్టుకొని దేశాలు తిరగడం ఆయనకు మొదట బొత్తిగా నచ్చలేదు. కాని కడపటి రోజులకు కొడుకు జీతం ఎంతో తెలిసి, నాటకశాలలో కూర్చుండి అతని ఆట చూచి, మెత్తబడినాడు. ఊరికి తిరిగి వచ్చి స్థిరపడాలనే ఉద్దేశంతో విల్ ఆ ఏడే క్లేర్‌మోర్ పట్టణంలో కొంత స్థలం కొన్నాడు. ఆ ఇల్లు కట్టనే లేదు.

1915లో జీగ్‌ఫెల్డ్ అనే ప్రసిద్ధ ప్రదర్శకుడు న్యూ ఆమ్‌స్టర్‌డామ్ నాటకశాల డాబాపై, అర్ధరాత్రి పూట ధనికులకై నడిపే ప్రదర్శనలో ఇతనికి తావు దొరికినది. జీగ్‌ఫెల్డ్ ఆటలంటే పట్టుచీరలకన్న తళుకైన దుస్తులు, వరుసలు తీరిన నర్తకీమణులు, కొత్త పాటలు. వారు దుస్తులు మార్చుకొనే వ్యవధిలో ఈ పాత టోపీవాడు, చూయింగ్ గమ్ నములుతూ, తాడుతో వచ్చి నిలిచేవాడు. జీగ్‌ఫెల్డ్‌కు హాస్యం రుచించేది కాదు. ఇతనిని తీసివేయాలని కూడ అనుకొన్నాడంటారు. జనం నవ్వు విని ఆగినాడు.

అయితే ఇక్కడొక చిక్కు వచ్చిపడినది. వాడెవిల్‌లో ఊరు మారుతుంది కనుక అదే హాస్యాన్ని ఏడాది పొడుగునా చెప్పవచ్చును. ఈ డాబాపైకి నిన్న వచ్చినవారే నేడూ వస్తారు. ప్రతిరాత్రి కొత్తమాట ఎక్కడినుండి తేవడం? దారి చూపినది బెట్టీ. అతడు పగలంతా పత్రికలు చదువుతూ ఉంటాడు గదా, చదివిన దానిని గురించే మాటాడవచ్చును గదా అన్నది ఆమె ఆలోచన. ఆ రాత్రి మొదలు అతడు ఆనాటి వార్తలనే నవ్వుగా మార్చి చెప్పసాగినాడు. మంత్రులు, సెనేటర్లు, కోటీశ్వరులు తమ పేర్లు ఆ తాడులో ఎప్పుడు చిక్కుకొంటవోనని చూస్తూ కూర్చుండేవారు. 1916 మే నెలలో బాల్టిమోర్ పట్టణంలో అధ్యక్షుడు విల్సన్ ఎదుటనే అతని ప్రభుత్వాన్ని గురించి హాస్యమాడవలసి వచ్చినది. తెరవెనుక విల్ కాళ్ళు వణకినవి. మెక్సికోలో పాంచో విల్లాను పట్టుకొనడానికి సేనలు పడుతున్న పాట్లను ప్రస్తావించగానే మొదట నవ్వినవాడు విల్సనే. ఆ సంవత్సరమే అతడు జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే పెద్ద ప్రదర్శనలో చేరి, మధ్య మధ్య విరామాలతో దాదాపు పదేండ్లు దానికి వెన్నెముకగా నిలిచినాడు.

సినీమాలకై 1919లో కుటుంబంతో కాలిఫోర్నియాకు తరలి వెళ్ళినాడు. అక్కడ 1920లో, రెండేండ్లయినా సరిగా నిండని చిన్నకొడుకు ఫ్రెడ్ గొంతువాపు జబ్బుతో మరణించినాడు. తరువాత సొంతంగా చిత్రాలు తీసి, అప్పుల పాలై, మరల న్యూయార్కు ఫాలీస్‌కు ఒంటరిగా వెళ్ళవలసి వచ్చినది. అయినా ఆ నష్టపు చిత్రాలలో ఒకటైన రోపిన్ ఫూల్ నేటికీ చూడదగినది. తాళ్ళకు తెల్లరంగు పూసి, కెమేరా వేగం మార్చి తీసినందువలన, కంటికి అందని ఆ విద్య నిదానంగా విడివడి కనబడుతుంది. మూడు తాళ్ళు ఒక్కసారి గాలిలోకి లేస్తవి; ఒకటి గుర్రపు మెడకు, ఒకటి రౌతుకు, ఒకటి గుర్రపు నాలుగు కాళ్ళకు. డాన్ వాకర్ నేర్పిన విద్యకు మిగిలిన సాక్ష్యం అది.

1922 చివర వారానికొక వ్యాసం, 1926 నుండి దినానికొక చిన్న టెలిగ్రాము పత్రికలకు పంపడం మొదలుపెట్టినాడు. వ్యాకరణం చూడడు, స్పెల్లింగు దిద్దడు; చదువురానివాని వలె వ్రాసి చదువుకొన్నవారికి చురక తగిలించేవాడు. అన్నీ కలిసి నాలుగువేలకు మించినవి. 1925లో ఒక నలుగురు గాయకుల బృందాన్ని వెంటబెట్టుకొని ఊరూర ఉపన్యాసాలకు బయలుదేరినాడు. వారు పాడుతుంటే అతడు విశ్రాంతి తీసుకొనేవాడు. అతడు మాటాడుతుంటే వారు. మాటల చిత్రాలు వచ్చిన తరువాత అతని యాసకు నిజమైన విలువ ఏర్పడి, 1934లో అమెరికా చిత్రశాలలకు ఎక్కువమందిని రప్పించిన నటుడుగా లెక్కకు వచ్చినాడు. వీటన్నింటినీ వివరిస్తే గ్రంథమే అవుతుంది.

ఒక్క 1931 సంవత్సరం మాత్రం ఆగి చూడవలసినది. ఆర్థికమాంద్యానికి తోడు అనావృష్టి. ఆర్కాన్సా రాష్ట్రంలో ఇంగ్లండ్ అనే చిన్న ఊరిలో ఆకలిగొన్న రైతులు అంగళ్ళమీదికి వచ్చినారు. విల్ రోజర్స్ అక్కడికి స్వయంగా వెళ్ళి చూచినాడు. వాషింగ్టనుకు పోయి అధ్యక్షుడు హూవరుతో మాటాడినాడు. ప్రభుత్వం నేరుగా అన్నం పెట్టడం హూవరుకు సమ్మతం కాదు. అది దాతల పని, రెడ్‌క్రాసు పని అని ఆయన నమ్మకం. విల్ వాదించి కూర్చుండలేదు. విమానమెక్కి టెక్సాస్, ఓక్లహోమా, ఆర్కాన్సా ఊళ్ళలో ప్రదర్శనలిచ్చి, వచ్చిన సొమ్మంతా సహాయనిధికి చేర్చినాడు. దారి ఖర్చులు కూడ తనవే. ఆ యాత్రలో కొన్నిచోట్ల అతనితో కలిసి పాడినవాడు జిమ్మీ రోజర్స్. పేరు ఒకటిగా వినబడినా చుట్టరికం లేదు. మిసిసిపీ రాష్ట్రంలో రైలుబండ్లపై బ్రేకులవాడుగా పనిచేసి, క్షయవ్యాధితో ఆ పని మాని, మందులమ్మే గుడారాల ఆటలలో పాడి, గ్రామఫోను రికార్డులతో దేశమంతటా పేరు పొందినవాడు. ఊపిరితిత్తులు తినబడుతున్న గాయకుడు, మాటలమారి కౌబాయ్, ఇద్దరూ ఆకలిగొన్నవారికై ఒకే వేదికపై నిలిచినారు. జిమ్మీ 1933లో ముప్పది అయిదేండ్లకే మరణించినాడు.

ఇక ఆ పాత లెక్క. 1933లో బిల్లీ హిల్ అనే రచయిత కట్టిన లాస్ట్ రౌండప్ అనే పాట దేశమంతటా మారుమ్రోగినది. చనిపోతున్న కౌబాయ్ కడపటి మందతోలుడు దానికి వస్తువు. కొత్తగా కట్టిన పాటే అయినా నూరేండ్ల పాతపాట వలె విన్నవారి గుండెను పట్టినది. 1934 జనవరిలో విల్ రోజర్స్ తన రేడియో ప్రసంగంలో దానిని ప్రస్తావించి, ఆ బాణీ నల్లజాతివారి భక్తిగీతాలనుండి పుట్టినదేనన్నాడు. ఆ మాటలో సత్యమున్నది. కాని ఆ జాతిని అతడు పేర్కొన్న పదం తరతరాలుగా వారిని తూలనాడడానికి వాడిన నీచపదం; దానిని పలుమార్లు వాడినాడు. దేశం నలుమూలలనుండి రేడియో సంస్థకు నిరసన టెలిగ్రాములు వచ్చిపడినవి. నల్లజాతి పత్రికలు తీవ్రంగా ఖండించినవి. తరువాతి ప్రసంగంలో అతడిచ్చుకొన్న సంజాయిషీ కూడ అరకొరగానే ఉన్నది. తన బాల్యమంతా ఆ జాతివారి మధ్య గడిచినదని చెప్పుకొన్నాడు గాని, నొచ్చుకొన్నవారి నొప్పి ఎక్కడున్నదో గ్రహించినట్లు కనబడడు. అధ్యక్షుని ఎదుట ఆచి తూచి మాటాడిన నాలుక, తనకు విద్య నేర్పిన వారి విషయంలో అంత అజాగ్రత్త వహించడం అతని అభిమానులకు నేటికీ మింగుడుపడని సంగతి. అతని మంచితనాన్ని వర్ణించే పుస్తకాలు అనేకం ఈ ఘట్టాన్ని రెండు వాక్యాలలో ముగిస్తవి. అది న్యాయం కాదు. చెరోకీ భూమిని ముక్కలు చేసినవారిని జీవితాంతం దెప్పిపొడిచినవాడు, మసి పూసుకొని పాడిన పాటలలోని అన్యాయాన్ని చూడలేకపోయినాడు. ఈ రెండు విషయాలూ అతనివే.

విమానమంటే అతనికి ఎనలేని ప్రీతి. కంచెలు లేని మేర అక్కడ ఒక్కచోటనే మిగిలి ఉన్నదని తోచినదేమో! 1935 ఆగస్టులో, ఒంటరిగా భూప్రదక్షిణం చేసిన ఒంటికంటి విమానికుడు వైలీ పోస్ట్‌తో కలిసి అలాస్కా చూడబోయినాడు. రెండు వేరువేరు విమానాల భాగాలు కలిపి కూర్చిన ఆ యంత్రానికి నీటిపై దిగడానికి పెద్ద తేలుడుతిత్తులు అమర్చినారు, ముందుభాగం బరువెక్కినది. ఆగస్టు 15న పాయింట్ బారో వెళ్ళుతూ మంచులో దారి తప్పి, ఒక కయ్యపై దిగి, అక్కడి ఎస్కిమోలను దారి అడిగి మరల పైకి లేచినారు. యంత్రం ఆగిపోయి విమానం తలక్రిందులుగా నీటిలో కూలినది. ఇద్దరూ మరణించినారు. ఒక ఎస్కిమో అక్కడికి పదిహేను మైళ్ళ దూరంలోని బారోకు పరుగెత్తి ఆ వార్త చేర్చినాడు. ఆ సమయానికి కూతురు మేరీ మెయిన్ రాష్ట్రంలో ఒక నాటకంలో నటిస్తూ ఉన్నది. బెట్టీ ఆమె దగ్గర ఉన్నది. ఆ నాటకానికి ఇతివృత్తం విమానికుల జీవితం.

తరువాత కౌబాయ్ పాట సినీమాలలో కొత్త జన్మ ఎత్తినది. ఆ గాయకులలో అగ్రగణ్యుడైన జీన్ ఆట్రీ, తాను ఓక్లహోమాలో చెల్సీ స్టేషనులో తంతిగుమాస్తాగా ఉన్న రోజులలో, ఒకరాత్రి టెలిగ్రాము పంపడానికి వచ్చిన విల్ రోజర్స్ తన పాట విని, ఈ ఉద్యోగం మాని రేడియోకు పొమ్మని ప్రోత్సహించినాడని జీవితాంతం చెప్పుకొనేవాడు. చెల్సీలో విల్ అక్కగారి ఇల్లుండేది కనుక ఆ రాకపోకలు నమ్మదగినవే.

క్లేర్‌మోర్‌లో ఇల్లు కట్టుకొనడానికి అతడు కొన్న స్థలంలో 1938 నవంబరు 4న, అతని పుట్టినరోజున, స్మారకశాల తెరచినారు. 1944లో అతని అస్థులను కాలిఫోర్నియానుండి అక్కడికి తరలించినారు. బెట్టీ కూడ ఆ ఏడే మరణించి అక్కడనే విశ్రమించినది. ఊలగాలోని పుట్టినిల్లు, ఆనకట్ట నీటిలో మునుగనున్నందున, కొంచెం మెరకకు జరుపబడినది. తండ్రి పశువులు మేసిన లోయ నేడొక జలాశయం. సాంటా మోనికా కొండలలో అతడు ముప్పది ఒక్క గదులతో కట్టుకొన్న ఇల్లు కాలిఫోర్నియా ప్రభుత్వపు ఉద్యానంగా ఎనభై ఏండ్లు సందర్శకులకు తెరచి ఉన్నది. ఇంటికి వచ్చిన అతిథులపై అదేపనిగా తాడు వేస్తుంటే భరించలేక, మిత్రు డొకడు గడ్డి కూరిన దూడబొమ్మ నొకటి తెచ్చియిచ్చినాడట. భోజనాల తరువాత కూడ విల్ ఆ హాలులో దానిపై ఉచ్చు విసరుతూ కూర్చుండేవాడు. 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ ప్రక్కకొండలపై చెలరేగిన కార్చిచ్చులో ఆ ఇల్లు, గుర్రపుశాల కాలి బూడిదైనవి. శాలలోని గుర్రాలను మాత్రం ముందుగా తోలుకొనిపోయినారు.